‘ఒక చెంచా’ అంటే ఎన్ని గ్రాములు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇటీవల మీ రైతు పేజీలో కోడిపిల్లల జబ్బుల గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. పనికొచ్చే మాటలు ఉన్నాయి, కాదనను. కానీ పిల్లలు పారుకుంటుంటే నీళ్లలో ఒక చెంచా మందు పొడి కలిపి ఐదు రోజులు తాగించమన్న చోట ఆగిపోయాను. ఏ మందు? ఎన్ని రోజుల పిల్లలకి? ఎన్ని లీటర్లలో? ఆ పారుడు తెల్లగా ఉందా, ఆకుపచ్చగా ఉందా, నెత్తురు పడుతోందా? ఒక్కదానికీ జవాబు లేదు. పోనీ ఆ చెంచా ఏ చెంచానో అయినా చెప్పాల్సింది.

నాకీ చాదస్తం ఊరికే రాలేదు. 30 ఏళ్లు నగల దుకాణంలో తూకం దగ్గర కూర్చున్నాను. ఫ్యాను గాలికి తక్కెడ కదిలితే ఫ్యాను ఆపించి మళ్లీ తూచేవాణ్ని. ఆ పని మానేశాక ఇంటి వెనక షెడ్డు వేసుకుని కోళ్లు పెంచుతున్నాను. విడతకి 150 పిల్లలు. ఏడేళ్లయింది. మీ వ్యాసం చదివిన రోజు ఇంట్లో ఉన్న మూడు రకాల చెంచాలు తెచ్చి, ఒకే డబ్బాలోని మందు పొడిని నా చిన్న తూకం మీద పెట్టి చూశాను. ఒక చెంచాకి 2.8 గ్రాములు వచ్చింది. ఇంకోదానికి 4.1. అదే చెంచాతో కుప్పగా తీస్తే 6 దాటింది. మా ఆవిడ పక్కన నిలబడి, ఇంతకీ ఏ చెంచా పోగొట్టబోతున్నారు అని అడిగింది. ఆవిడ బాధ ఆవిడది.

ఇందులో ఏం మునిగిపోయిందని మీరు అనుకోవచ్చు. నెత్తురు పారుడుకి వాడే ఆంప్రోలియం తీసుకోండి. ఎక్కువగా 20 శాతం పొడిగా దొరుకుతుంది. జబ్బు గట్టిగా ఉన్నప్పుడు తాగే నీళ్లలో మందు 0.024 శాతం ఉండాలంటారు. అంటే లీటరుకి అసలు మందు 240 మిల్లీగ్రాములు. పొడి లెక్కన 1.2 గ్రాములు. లీటరు నీళ్లలో నా రెండో చెంచాతో ఒక చెంచా వేస్తే మూడింతలు దాటిపోతుంది. మందు ఎక్కువైతే ఇంకా బాగా పనిచేస్తుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మందు పనిచేసే తీరే వేరు. అది చూడ్డానికి విటమిన్ బి1లా ఉంటుంది. పేగులో ఉన్న పరాన్నజీవి దాన్ని బి1 అనుకుని తీసుకుని, అసలు బి1 అందక చస్తుంది. మోతాదు మించితే ఆ కరువు పిల్లకీ తగులుతుంది. తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తూ కూలబడుతుంది. మందు వల్ల వచ్చిన ఆ అవస్థ చూసి కొత్త జబ్బు అంటుకుందనుకుని మనం ఇంకో మందుకి పరుగెడతాం.

ఈ లెక్క నాకు 19 పిల్లలు పోయాక గానీ రాలేదు. అదెలా జరిగిందో చెబుతాను, మీ పాఠకుల్లో ఒకరిద్దరికైనా ఆ నష్టం తప్పుతుంది.

నా రెండో విడత అది. 24వ రోజు పొద్దున షెడ్డులోకి వెళ్తే పది పన్నెండు పిల్లలు రెక్కలు వాల్చి, ఈకలు రేపుకుని, ఒక మూల ఒదిగి కూర్చున్నాయి. లిట్టరు, అంటే నేల మీద పరిచిన పొట్టు, దాని మీద అక్కడక్కడా ఎర్రటి మరకలు. నీళ్ల డబ్బా కారి చుట్టూ అడుగు మేర లిట్టరు ముద్దయిపోయి ఉంది. అది రెండు రోజులుగా కారుతోంది. చూశాను, రేపు బాగుచేద్దాంలే అనుకున్నాను. మందుల దుకాణానికి పరుగెత్తి పారుడు అని చెప్పాను. నెత్తురు అన్నానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు. ఆయన చేతికందిన ఒక యాంటీబయోటిక్ పొడి ఇచ్చి, నీరసం తగ్గుతుందని బి కాంప్లెక్స్ సీసా కూడా జత చేశాడు. ఆయన్ని తప్పుపట్టను. నేను అడిగింది మందు, ఆయన అమ్మింది మందు. ఆ పిల్లల వయసెంతో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండు రోజుల్లో పదకొండు పోయాయి. మూడో రోజు పశువుల డాక్టరు గారి దగ్గరికి రెండు చచ్చిన పిల్లల్ని, ఒక జబ్బు పిల్లనీ తీసుకెళ్లాను. ఆయన నన్నేమీ అడక్కుండా కత్తెర తీసుకుని పొట్ట చీల్చి, పేగుల చివర ఉండే జంట గుడ్డిపేగుల్ని బయటికి లాగి బల్ల మీద పరిచారు. మామూలుగా సన్నగా, గోధుమరంగులో ఉండాల్సినవి నా చిటికెన వేలంత లావున నల్లెర్రగా ఉబ్బి ఉన్నాయి. కత్తెర మొన పెడితే గడ్డకట్టిన నెత్తురు. లోపలి పొరని గాజుపలక మీద గీకి మైక్రోస్కోపులో నన్నే చూడమన్నారు. గుండ్రటి గుడ్లలాంటివి కుప్పలు కుప్పలు. కాక్సిడియోసిస్ అన్నారు.

ఇది బాక్టీరియా కాదు, పేగు కణాల్లో దూరి పెరిగే ఏకకణ జీవి. నేను పోసిన యాంటీబయోటిక్‌కి దానికీ సంబంధమే లేదు. రెట్టలో పడ్డ దాని గుడ్లు వెచ్చగా, తేమగా ఉన్న లిట్టర్లో ఒకటి రెండు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తాయి. కారుతున్న నా నీళ్ల డబ్బా వాటికి పొదిగే పెట్టెలా పనిచేసిందన్నమాట. పిల్ల ఆ లిట్టరు గీరి తిన్నాక నాలుగైదు రోజులకి నెత్తురు కనిపిస్తుంది. అప్పటికే లోపల జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందుకే నీరసపడ్డ పిల్లలకే కాకుండా మంద మొత్తానికీ అదే రోజు మందు పడాలన్నారు. మామూలు ఫినాయిల్ చల్లితే ఆ గుడ్లు చావవట. లిట్టరు పొడిగా ఉంచడమే పెద్ద వైద్యం.

మందు రాసిస్తూ ఆయన నా సంచిలోంచి తొంగిచూస్తున్న సీసా చూశారు. బి కాంప్లెక్స్ ఎవరు పోయమన్నారు అన్నారు. ఆంప్రోలియం ఇస్తూ పక్కనే బి1 పోస్తే ఆ పరాన్నజీవికి మనమే అన్నం పెట్టినట్టు. మందు కోర్సు అయ్యేదాకా ఆ సీసా మూత తియ్యొద్దన్నారు. కావాలంటే నెత్తురు ఆగడానికి విటమిన్ కె, పేగు పొర మానడానికి విటమిన్ ఎ ఇవ్వమన్నారు. ఐదు రోజులు పూర్తి మోతాదు, ఆపైన రెండు వారాలు పావు వంతు మోతాదు. మరీ ముదిరితే టోల్ట్రాజురిల్ అని ఇంకో మందు ఉంది, 2.5 శాతం ద్రావణం లీటరుకి 1 మిల్లీలీటరు చొప్పున రెండు రోజులు చాలు అన్నారు. సల్ఫా మందులూ పనిచేస్తాయి గానీ వాటిలో బాగుచేసే మోతాదుకీ చెడగొట్టే మోతాదుకీ మధ్య దూరం తక్కువ, చెంచాతో కొలిచేవాళ్ల చేతికి అవి ఇవ్వకూడదు అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మర్నాడే నా పాత తూకం అటక మీంచి దింపాను.

ఆ తర్వాత ఇంకో ఎనిమిది పోయాయి. మిగతావి నిలబడ్డాయి.

ఇక్కడ ఒక మాట. ప్రతి ఎర్రటి రెట్టా, ప్రతి ముద్ద రెట్టా జబ్బు కాదు. కోడి రోజూ కొన్నిసార్లు గుడ్డిపేగుల్లోంచి జిగటగా, చాక్లెట్ రంగులో వేరే రెట్ట వేస్తుంది. వాసన ఘోరంగా ఉంటుంది, అయినా అది ఆరోగ్యమే. ఒకసారి అది చూసి టెన్షన్ పడి రాత్రి తొమ్మిదింటికి డాక్టరు గారికి ఫోన్ చేసి తిట్లు తిన్నాను.

నెత్తురు పారుడు రెండు మూడు వారాలు దాటాక మాట. మొదటి వారంలో చచ్చే పిల్లల కథ పూర్తిగా వేరు. ఇందులో నా అనుభవం ఇంకా సిగ్గుచేటు. అది నా మొట్టమొదటి విడత. మూడో రోజుకల్లా పిల్లలు గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి, చెవులు చిల్లులు పడేలా కీచుమంటున్నాయి. కొన్నింటికి వెనక రెట్ట ఎండి అట్టకట్టి దారి మూసుకుపోయింది. ఇది కూడా పారుడే అనుకుని నేనేం చేసి ఉంటానో మీరు ఊహించగలరు. అసలు సంగతి ఏమిటంటే, నేను థర్మామీటరు నా కంటికి ఆనే ఎత్తులో, గోడ మేకుకి తగిలించాను. అక్కడ 95 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది. నేల మీద పిల్ల వీపు ఎత్తులో పెట్టి చూస్తే 84 ఉంది. పిల్లలు చలికి చస్తున్నాయి, నేను మందు పోస్తున్నాను. ఈడ్చి ఈడ్చి కీచుమనే ఆ అరుపు చలి అరుపని ఇప్పుడు గుమ్మం దగ్గరే పోల్చుకోగలను.

మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 95 డిగ్రీలు, అంటే 35 సెంటీగ్రేడ్ ఉండాలి. తర్వాత వారానికి 5 ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. అంకెలు మర్చిపోయినా పర్వాలేదు, పిల్లలే చెబుతాయి. వెచ్చదనానికి పెట్టిన బల్బు కిందికి దూరి గుట్టపడితే చలి. బల్బుకి దూరంగా గోడలకి అంటుకుని నోళ్లు తెరిచి రొప్పితే వేడి. అంతా సమంగా చెదిరి, కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే సరిగ్గా ఉంది. పిల్లల్ని షెడ్డులో దించిన మర్నాడు చీకట్లో పదిహేను ఇరవై పిల్లల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని మెడ కింద మేత సంచి వేళ్లతో తడిమి చూడండి. మెత్తగా, నిండుగా ఉంటే అది మేతా నీళ్లూ కనిపెట్టుకుంది. ఖాళీగా ఉన్నవి ఎక్కువైతే మందుల డబ్బా వంక చూడకుండా ముందు నీళ్ల డబ్బాలు ఎక్కడున్నాయో, ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకోవాలి. పుట్టేటప్పుడు పొట్టలో ఉన్న పచ్చసొన రెండు మూడు రోజులు నడిపిస్తుంది. ఆ లోపు తినడం నేర్వని పిల్లలు నాలుగో రోజు నుంచి వరసగా రాలతాయి. దాన్ని జబ్బనుకుంటాం.

అట్టకట్టిన రెట్టకి గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూది చాలు. నానబెట్టి, మెల్లగా తుడిచి, తడి ఆరాక వదలాలి. పొడిగా పట్టి లాగితే చర్మం ఊడి వస్తుంది. ఇంకోటి, ఒకటి రెండు రోజుల పిల్లకి పొట్ట కింద ఎండిన బొడ్డు పొలుసు ఉంటుంది. దాన్ని రెట్టనుకుని పీకారో, పేగులు బయటికొస్తాయి. తోక కిందిది రెట్ట, పొట్ట మీదిది బొడ్డు. ఆ బొడ్డు ఎర్రగా, తడిగా, వాచి, వాసన వస్తుంటే అది పొదిగేటప్పుడో పుట్టాకో తగిలిన బాక్టీరియా, ఎక్కువగా ఈ.కోలి. దానికి యాంటీబయోటిక్‌తో కొంత ఫలితం ఉంటుంది. కానీ లోపలి పచ్చసొన కుళ్లిన పిల్లకి మందు చేరేదాకా టైం ఉండదు. తప్పు పొదిగినచోట, గుడ్ల శుభ్రంలో ఉంటుంది.

తెల్లగా సున్నంలా అంటుకునే పారుడుతో మొదటి రెండు మూడు వారాల్లో పిల్లలు వరసగా పోతుంటే పుల్లోరం అనే బాక్టీరియా జబ్బుని అనుమానించాలి. అది తల్లి నుంచి గుడ్డులోనే వస్తుంది. మందులు వాడితే చావులు తగ్గుతాయి గానీ బతికిన పిల్లలు ఆ క్రిమిని మోస్తూనే ఉంటాయి. వాటిని గుడ్లకీ, పిల్లలు పొదిగించడానికీ ఉంచుకోకూడదు.

ఇక రొప్పు. నాకు తెలిసిన ఒకాయన షెడ్డులో వారం రోజుల పిల్లలు మెడ చాచి, నోరు తెరిచి, ఆయాసపడుతూ పోయాయి. గురక లేదు, తుమ్ము లేదు, చప్పుడే లేదు. ఆయన వరసగా మూడు యాంటీబయోటిక్‌లు మార్చాడు. పోస్టుమార్టంలో ఊపిరితిత్తుల నిండా ఆవగింజల్లా పసుపు తెలుపు బొడిపెలు. బూజు అది, ఆస్పర్‌జిల్లస్. తడిసి బూజు పట్టిన రంపపు పొట్టు చౌకగా వచ్చిందని పరిచాడు. యాంటీబయోటిక్ బూజుని ఏమీ చేయదు. పక్షికి తగిలాక గట్టి వైద్యమంటూ లేదు. ఆ పొట్టు ఎత్తేసి, గాలి ఆడేలా చేశాకే కొత్త పిల్లలకి తగలడం ఆగింది. గురకతో, ముక్కు కారుతూ, కళ్ల కింద వాపుతో నెమ్మదిగా నడిచే జబ్బు మైకోప్లాస్మా అనే బాక్టీరియా వల్ల కావచ్చు. దానికి టైలోసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు పనిచేస్తాయి. అదే అమాక్సిసిలిన్ పోస్తే నీళ్లలో పోసినట్టే. ఆ మందు బాక్టీరియా గోడని పగలగొట్టి చంపుతుంది, మైకోప్లాస్మాకి అసలు గోడే లేదు. ఈ ముక్క విన్న రోజు నుంచి, ఏ యాంటీబయోటిక్ అయితేనేంలే అనడం మానేశాను.

మెడ తిరిగిన పిల్లని చూపించి మందు అడిగేవాళ్లని చూస్తుంటాను. మెడ తిరగడం కొక్కెర తెగులులో ఉంటుంది. అది వైరస్, మందు లేదు, టీకానే. విటమిన్ ఇ తక్కువైనా రెండు నుంచి నాలుగు వారాల పిల్ల తల వెనక్కి విరిచి బొక్కబోర్లా పడుతుంది. మేత పాతబడి నూనె కమరు వాసన కొడుతుంటే అదే మొదటి అనుమానం, ఎందుకంటే కొవ్వు చెడితే విటమిన్ ఇ పోతుంది. కాలివేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద నడిస్తే బి2 లోటు. ఇవి విటమిన్‌తో తొందరగా పట్టుకుంటే తిరిగి లేస్తాయి. కొక్కెర తెగులైతే ఆ విటమిన్ సీసా ఖాళీ అయ్యేలోపు షెడ్డు ఖాళీ అవుతుంది. మూడు నుంచి ఆరు వారాల్లో ఒక్కసారిగా కునికిపాట్లు పడి, తెల్లటి నీళ్ల పారుడుతో, తమ వెనక భాగాన్ని తామే పొడుచుకుంటుంటే గంబోరో. అది కూడా వైరసే. 1962లో అమెరికాలోని గంబోరో అనే చోట బయటపడిందని ఆ పేరు. దానికీ మందు లేదు. నీళ్లు, లవణాలు, వెచ్చదనం ఇచ్చి పిల్లలు తట్టుకునేలా చూడటం, ఆపైన ఈ.కోలి పడితే డాక్టరు చెప్పింది వాడటం, అంతే.

ఇన్ని వైరస్‌లు, బూజులు, పరాన్నజీవులు, విటమిన్ లోట్లు ఉండగా, మనం మాత్రం దించిన మొదటి రోజు నుంచే ముందు జాగ్రత్త అంటూ యాంటీబయోటిక్ పోస్తున్నాం. దీని గురించి మీ వ్యాసంలో ఒక్క మాట ఉన్నా సంతోషించేవాణ్ని. తల్లి కింద పొదిగిన పిల్ల తల్లి రెట్ట గీరి తింటూ మంచి క్రిములు తెచ్చుకుంటుంది. యంత్రంలో పుట్టిన పిల్ల పేగు ఖాళీ ఇల్లు. ఎవరు ముందు దూరితే వాళ్లది. ఫిన్లాండులో నుర్మి, రంతాలా అనే ఇద్దరు పరిశోధకులు పెద్ద కోళ్ల గుడ్డిపేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకి తాగిస్తే సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి నిలదొక్కుకోలేకపోయిందని 1973లోనే రాశారు. మనం మొదటి గుక్కలోనే యాంటీబయోటిక్ ఇచ్చి ఆ మంచి క్రిముల్ని రానివ్వడం లేదు. పైగా అర మోతాదు, రెండు రోజులు. చావకుండా మిగిలిన క్రిమి మందుకి అలవాటు పడుతుంది. కొలిస్టిన్ అనే మందు మనుషులకి ఏదీ పనిచేయనప్పుడు డాక్టర్లు తీసే ఆఖరి మందుల్లో ఒకటి. దానికి లొంగకపోవడం ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకిపోగలదని 2015లో చైనాలో బయటపడింది, అదీ పశువుల్లోంచి, మాంసంలోంచి తీసిన నమూనాల్లో. నేను మనవలున్నవాణ్ని. ఆ వార్త చదివాక నా బీరువాలోని డబ్బాలు కొన్ని తీసి డాక్టరు గారికి అప్పగించేశాను.

కలపడం గురించి కూడా చెప్పి ఆపేస్తాను. మేత బస్తా మీద చిన్న అక్షరాల్లో మొనెన్సిన్ అనో సాలినోమైసిన్ అనో ఉంటే, అది కాక్సిడియోసిస్ రాకుండా ముందే కలిపిన మందు. ఆ మేత తింటున్న పిల్లలకి రొప్పు కోసమని నీళ్లలో టియాములిన్ అనే యాంటీబయోటిక్ పోస్తే రెండూ కొట్టుకుని కాళ్లు పడిపోతాయి, చస్తాయి కూడా. కాక్సిడియోసిస్ టీకా వేయించి పక్కనే ఆ మందు మేత పెడితే టీకా డబ్బు నీళ్లపాలు. టెట్రాసైక్లిన్ జాతి మందులు సున్నం ఎక్కువున్న ఉప్పునీళ్లలో కలిపితే ఆ సున్నం మందుని పట్టేసుకుంటుంది, పిల్లకి అందేది కొంచెమే. క్లోరిన్ నీళ్లలో టీకా కలిపితే టీకా చస్తుంది.

మోతాదు లెక్క ఇప్పుడు నేను వేసే పద్ధతి ఇది. ముందు రోజు పిల్లలు ఎన్ని లీటర్లు తాగాయో కొలిచి రాసుకుంటాను. ఎండ కాస్తే ఎక్కువ తాగుతాయి, అప్పుడు అదే చిక్కదనంలో మందు ఎక్కువ లోపలికి పోతుంది. జబ్బు పడితే తక్కువ తాగుతాయి, అప్పుడు చాలదు. పది పిల్లల్ని తూచి సగటు బరువు తీస్తాను. ఆ రెండు అంకెలూ డాక్టరుకి చెబితే గ్రాములు ఆయన చెబుతారు. మందు నీళ్లు ఏ రోజుకారోజు కొత్తగా కలుపుతాను, వేరే నీళ్లేవీ అందకుండా చూస్తాను. లేచి నీళ్ల దాకా రాలేని పిల్లలకి డబ్బాలో ఎంత మంచి మందున్నా ఒకటే. వాటిని అట్టపెట్టెలో వెచ్చగా వేరుపెట్టి డ్రాపర్‌తో ముక్కు అంచున ఒక్కో చుక్క పెట్టాలి. గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చచ్చిన పిల్లని విసిరేయకుండా కవర్లో చుట్టి ఐసు పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి చేరుస్తాను. గడ్డకట్టేలా ఫ్రీజర్లో పెడితే లోపలివి పాడై చూడ్డానికి ఏమీ మిగలదు.

కనుక అయ్యా, మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు బ్రాండు పేరు లేకపోయినా పర్వాలేదు, మందు అసలు పేరు, ఎంత శాతం పొడి, లీటరుకి ఎన్ని గ్రాములు, ఎన్నాళ్లు, ఎంత వయసు పిల్లలకి, దేంతో కలపకూడదు, ఆపాక ఎన్నాళ్లకి ఆ కోడినీ గుడ్డునీ తినొచ్చు, ఇవి రాయించండి. మందు మొదలుపెట్టే ముందు థర్మామీటరు ఏ ఎత్తులో ఉందో చూసుకోమని పైన పెద్దక్షరాల్లో వేయండి. మందులు తయారుచేసేవాళ్లకి కూడా మీ పేజీ ద్వారా ఒక మనవి: డబ్బా మీద అక్షరాలు భూతద్దం లేకుండా చదవగలిగేలా, కొన్నవాడికి వచ్చిన భాషలో అచ్చువేసి, లోపల ఒక గ్రాము కొలిచే గరిటె వెయ్యండి. పాలపొడి డబ్బాలో వేస్తున్నారు కదా.

నా మూడు చెంచాల తూకాలు వేరే కాగితం మీద రాసి జతచేస్తున్నాను, చోటుంటే వేసుకోండి. నాలుగో చెంచా కూడా తూచేవాణ్నే, మా ఆవిడ ఇవ్వలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక చిన్న కోళ్ల పెంపకందారు